లష్కరు, లాక్ ఆసుపత్రి, స్త్రీ: వలసకాలపు దండు ప్రాంతాలలో సుఖవ్యాధుల నియంత్రణ - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

పంతొమ్మిదో శతాబ్దంలో భారతదేశంలోని బ్రిటిష్ సైనికులలో సుఖవ్యాధులు తీవ్రంగా ప్రబలాయి. వాటిని అరికట్టడానికి వలస ప్రభుత్వం 1864, 1868 సంవత్సరాలలో చట్టాలు చేసి, దండు ప్రాంతాలలో లాక్ ఆసుపత్రులను నడిపింది. వ్యాధి సైనికునిదైనా నమోదు, పరీక్ష, నిర్బంధం మాత్రం స్త్రీకి విధించడం ఈ వ్యవస్థ ప్రధాన లక్షణం. ఆ చట్టాల నేపథ్యాన్నీ, అమలు తీరునూ, వైద్యపరంగా అవి విఫలం కావడానికి గల కారణాలనూ, వాటిపై వచ్చిన వ్యతిరేకతనూ వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ వ్యాధులకు తెలుగులో ఏర్పడిన పేర్లనూ, సికింద్రాబాదు లష్కరు నేపథ్యాన్నీ సందర్భానుసారం ప్రస్తావిస్తూ, నాటి నివేదికలలోని అంకెలను ఎలా చదవాలో కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలక పదాలు: సుఖవ్యాధులు, కంటోన్మెంటు, లాక్ ఆసుపత్రి, అంటువ్యాధుల చట్టం, లష్కరు, వలస వైద్యం, స్త్రీలు.

1. ప్రవేశిక:

సైన్యాల చరిత్రను జయాపజయాల చరిత్రగా, సంధుల చరిత్రగా చదవడం మనకు అలవాటు. కాని పంతొమ్మిదో శతాబ్దపు సైనికునికి శత్రువు తుపాకీ కంటె వ్యాధే ఎక్కువ ప్రమాదకరం. భారతదేశంలోని సైన్యపు ఆరోగ్యస్థితిని విచారించిన రాయల్ కమిషన్ 1863లో తన నివేదికను సమర్పించింది. అంతకు ముందు దశాబ్దాలలో ఇక్కడి బ్రిటిష్ సైనికులు ఏడాదికి వేయికి 69 మంది వంతున మరణించారని ఆ నివేదిక తేల్చింది. కలరా, జ్వరాలు, విరేచనాలు, కాలేయవ్యాధులు ఇందుకు ముఖ్య కారణాలు. సుఖవ్యాధుల స్వభావం వీటికి భిన్నమైనది. అవి సైనికుణ్ణి వెంటనే చంపవు, పనికిరానివాణ్ణి చేస్తాయి. వారాల తరబడి ఆసుపత్రి మంచానికి పరిమితమైన సైనికునికి జీతమూ తిండీ ఇవ్వాలి, అతని పని మాత్రం జరగదు. అందువల్ల ఈ వ్యాధులు ప్రభుత్వానికి వైద్య సమస్య కావడానికి ముందే ఖర్చు సమస్యగా, సైనికబలం సమస్యగా కనిపించాయి.

సికింద్రాబాదు ఈ నేపథ్యంలో గుర్తుకు రావలసిన ఊరు. 1798 నాటి సైన్యసహకార ఒప్పందంతో నిజాం రాజ్యంలో నిలిచిన ఆంగ్ల సైన్యపు విడిదే తర్వాత మూడవ నిజాం సికిందర్ జా పేరుతో నగరంగా ఎదిగింది. జనవ్యవహారంలో దాని పేరు ఇప్పటికీ లష్కరే. లష్కరు బోనాలకు మూలమైన ఉజ్జయినీ మహంకాళి ఆలయ ఐతిహ్యం కూడా సైన్యంతోను, వ్యాధితోను ముడిపడినదే. ఉజ్జయినిలో ఉన్న సైనిక దళంలో డోలీ మోసే ఉద్యోగి ఒకరు కలరా శాంతించాలని అమ్మవారికి మొక్కుకొని, తిరిగి వచ్చాక ఇక్కడ ప్రతిష్ఠ చేశారని ఆ కథ. సైన్యాన్ని పీడించిన ఒక వ్యాధి ఈ విధంగా జాతరగా జనస్మృతిలో నిలిచింది. అదే సైన్యాన్ని పీడించిన మరొక వ్యాధిసమూహం, దాని పేరిట నిర్బంధానికి గురైన స్త్రీలు, ప్రభుత్వ నివేదికల పుటలలో మాత్రమే మిగిలారు. ఈ మౌనమే ప్రస్తుత పరిశీలనకు ప్రేరణ.

2. వ్యాధి - వ్యవహారనామాలు:

లైంగిక సంపర్కం వల్ల సంక్రమించే వ్యాధులకు తెలుగులో పేర్లు అనేకం. సవాయి, కొరుకు, మేహవ్యాధి, సెగ, అడ్డగర్రలు, సుఖవ్యాధులు, గుహ్యరోగాలు మొదలైనవి నిన్నమొన్నటి వరకు నిత్యవ్యవహారంలో ఉన్నవే. వీటిలో కొన్ని లక్షణాన్ని బట్టి ఏర్పడ్డాయి. మూత్రంలో మంటను సూచించేది సెగ. పుండు తినివేయడాన్ని సూచించేది కొరుకు. గజ్జలలో బిళ్ళ కట్టడం అడ్డగర్ర. మరికొన్ని కారణాన్ని బట్టి ఏర్పడ్డాయి. సుఖవ్యాధి అనే మాటలో వైద్యార్థం కంటె నీతితీర్పు ప్రబలంగా ఉంది. సుఖం అనుభవించినవాడు దాని ఫలం అనుభవిస్తున్నాడనే భావం ఆ సమాసంలోనే ఇమిడి ఉంది.

వ్యాధిని పరాయివాడికి అంటగట్టే పేర్లది ఇంకొక తరగతి. ఐరోపాలో సిఫిలిస్‌ను ఇటలీవారు ఫ్రెంచి వ్యాధి అన్నారు, ఫ్రెంచివారు నేపుల్స్ వ్యాధి అన్నారు. పదహారో శతాబ్దానికి చెందిన భావమిశ్రుని 'భావప్రకాశం' దీనిని ఫిరంగరోగంగా పేర్కొని, ఫిరంగుల సంపర్కంతో ఇది వస్తుందని చెప్పింది. చికిత్సకు పాదరస సమ్మేళనాలతో పాటు చోప్‌చీనీ అనే వేరును సూచించింది. ఆ వేరుకు తెలుగులో పరంగిచెక్క అని పేరు. రోగానికీ మందుకూ ఒకే పరదేశి ముద్ర పడడం ఇక్కడ గమనించదగిన విశేషం. సముద్రం దాటి వచ్చిన నావికుడు, వర్తకుడు, సైనికుడు ఈ వ్యాధిని మోసుకొచ్చారనే లోకజ్ఞానం ఈ పేర్లలో భద్రంగా ఉంది. వలస ప్రభుత్వపు చట్టాలలో ఆ జ్ఞానం తలకిందులయింది. అక్కడ వ్యాధికి పుట్టిల్లు సైనికుడు కాదు, స్థానిక స్త్రీ.

3. దండు ప్రాంతపు సామాజిక నిర్మాణం:

1857 తిరుగుబాటు తర్వాత ప్రభుత్వం బ్రిటిష్ సైనికుల సంఖ్యను బాగా పెంచింది. అరవై వేలకు పైబడిన ఈ సైనికులలో అత్యధికులు యువకులు, అవివాహితులు. సామాన్య సైనికుల్లో కొద్ది శాతానికి మాత్రమే భార్యతో నివసించే అనుమతి ఉండేది. కుటుంబాలకు వసతి, ప్రయాణ వ్యయం భరించడం ప్రభుత్వానికి ఇష్టం లేకపోవడమే ఇందుకు కారణం. తక్కువ జీతం, ఎండాకాలపు పగళ్ళలో బారకాసులలో ఏ పనీ లేకుండా గడపవలసి రావడం, సులభంగా దొరికే సారా కలిసి సైనిక జీవితాన్ని తీర్చిదిద్దాయి. పటాలం బజారులోనే వేశ్యలకు ప్రత్యేకంగా వాడను కేటాయించడం ఈ పరిస్థితులకు అధికారులు కనిపెట్టిన పరిష్కారం. ఉత్తరాదిన దీనిని లాల్ బజారు అని, చక్లా అని పిలిచేవారు. ఆ వాడ స్త్రీలపై అజమాయిషీకి మహల్దార్నీ అనే స్త్రీని నియమించేవారు.

భారతీయ సిపాయిల స్థితి దీనికి భిన్నం. వారిలో సుఖవ్యాధుల రేటు బ్రిటిష్ సైనికులలో కంటె ఎంతో తక్కువని నాటి సైనిక వైద్య నివేదికలు పదే పదే నమోదు చేశాయి. వారిలో ఎక్కువమంది వివాహితులు కావడం దీనికి ఒక కారణమని అధికారులే అంగీకరించారు. ముఖ్యంగా మద్రాసు సైన్యపు సిపాయిలు కుటుంబాలను వెంట ఉంచుకొనేవారు. ఈ సైన్యంలో తెలుగువారి సంఖ్య గణనీయం. ఉత్తర భారతంలో సిపాయికి తిలంగా అనే పేరు స్థిరపడడానికి కంపెనీ సైన్యంలో తొలినాళ్ళలోనే తెలుగువారు ఉండడమే కారణం. ఒకే దండులో, ఒకే వాతావరణంలో నివసించిన రెండు వర్గాల సైనికులకు వ్యాధిరేటులో ఇంత భేదం ఉందంటే, సమస్య మూలం బజారులోని స్త్రీలో కాక సైనిక జీవన విధానంలో ఉందని అర్థం. ఆ అంకెలు చూసినవారు సైతం విధాన నిర్ణయంలో ఈ నిర్ధారణకు రాలేదు.

4. చట్టాలు - వాటి ద్వంద్వనీతి:

లాక్ ఆసుపత్రి అనే పేరు విన్నవెంటనే తాళం వేసిన ఆసుపత్రి అని స్ఫురిస్తుంది. నిజానికి ఈ పేరు లండను నుంచి వచ్చింది. మధ్యయుగంలో కుష్ఠురోగుల ఆశ్రయానికి ఉన్న పేరు 1747లో లండనులో సుఖవ్యాధుల కోసం ప్రారంభమైన ఆసుపత్రికి సంక్రమించింది. భారతదేశంలో ఈస్టిండియా కంపెనీ పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే ఇటువంటి ఆసుపత్రులను తెరిచింది. ప్రయోజనం లేదన్న కారణంతో 1830ల దశకంలో వాటిని మూసివేసింది. ఒకసారి విఫలమని తేలిన ఈ పద్ధతినే 1857 తర్వాత చట్టబలంతో మళ్ళీ నిలబెట్టారు.

1864 నాటి 22వ చట్టం దండు ప్రాంతాలలో వేశ్యలను నమోదు చేయడానికి, నియంత్రించడానికి అధికారం ఇచ్చింది. 1868 నాటి 14వ చట్టం, అనగా భారతీయ అంటువ్యాధుల చట్టం, ఆ నియంత్రణను ప్రభుత్వం ప్రకటించిన నగరాలకు విస్తరించింది. బెంగాలీ వ్యవహారంలో ఇది చౌద్ద ఆయిన్, అంటే పద్నాలుగో చట్టం, అనే పేరుతో భయహేతువుగా ప్రసిద్ధికెక్కింది. నమోదైన స్త్రీ నియమిత కాలానికి ఒకసారి వైద్యపరీక్షకు హాజరు కావాలి. వ్యాధి ఉన్నదని తేలితే నయమయిందని వైద్యుడు చెప్పే వరకు లాక్ ఆసుపత్రిలో నిర్బంధంలో ఉండాలి. నమోదును గాని పరీక్షను గాని తప్పించుకుంటే జరిమానా, జైలుశిక్ష. మద్రాసు ప్రెసిడెన్సీ సైనిక లాక్ ఆసుపత్రుల వార్షిక నివేదికలలో బళ్ళారి, సికింద్రాబాదు వంటి దండుల వివరాలు కనిపిస్తాయి.

ఈ వ్యవస్థలో రెండు ద్వంద్వనీతులు స్పష్టంగా కనిపిస్తాయి. మొదటిది స్త్రీపురుష భేదానికి సంబంధించినది. సైనికుల శరీరాలను క్రమం తప్పకుండా పరీక్షించే పద్ధతి బ్రిటిష్ సైన్యంలో ఒకప్పుడు ఉండేది. అది సైనికుల ఆత్మగౌరవానికి భంగకరమనే ఆక్షేపణతో 1859లో దానిని ఎత్తివేశారు. పురుషునికి అవమానమని విరమించిన పరీక్షనే ఐదేళ్ళు తిరగకుండా స్త్రీకి విధిగా చేశారు. ఇంగ్లండులోని ఇటువంటి చట్టాలను విచారించిన 1871 నాటి రాయల్ కమిషన్ ఈ భేదాన్ని బహిరంగంగానే సమర్థించింది. స్త్రీ ధనం కోసం చేసేది అపరాధమనీ, పురుషుడు చేసేది సహజ ప్రవృత్తికి లోబడిన చపలత్వమనీ దాని వాదసారం.

రెండవది జాతి భేదానికి సంబంధించినది. చాలా దండులలో స్త్రీలను రెండు తరగతులుగా విభజించారు. ఐరోపావారు వెళ్ళే స్త్రీలు మొదటి తరగతి, ఇతరులు రెండవ తరగతి. నమోదు, పరీక్ష, చికిత్స మొదటి తరగతికే. రెండవ తరగతి స్త్రీలకు వ్యాధి ఉన్నా, వారి వద్దకు వెళ్ళే భారతీయులకు అది సోకినా, చట్టానికి పట్టలేదు. చట్టం రక్షించదలచింది ప్రజారోగ్యాన్ని కాదు, ఒక వర్గపు సైనికులను మాత్రమే అనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. కళావంతులు, దేవదాసీలు వంటి భిన్న సంప్రదాయాల స్త్రీలను, పేదరికంతో ఈ వృత్తిలోకి వచ్చినవారిని వేశ్య అనే ఒకే మాట కింద చేర్చే ధోరణి కూడా వలస న్యాయవ్యవస్థలో ఈ కాలంలోనే బలపడింది.

5. వైద్యపరమైన వైఫల్యం:

నీతిని పక్కనబెట్టి కేవలం ప్రయోజన దృష్టితో పరిశీలించినా ఈ వ్యవస్థ విఫలమే. అందుకు కారణాలను ఈ విధంగా వివరించవచ్చు.

మొదటిది, రోగనిర్ధారణ సాధ్యం కాకపోవడం. గనేరియాకు కారణమైన సూక్ష్మజీవిని నైసర్ 1879లో కనుగొన్నారు. సిఫిలిస్ సూక్ష్మజీవిని షౌడిన్, హాఫ్‌మన్‌లు 1905లో గుర్తించారు. వాసర్‌మన్ రక్తపరీక్ష 1906లో వచ్చింది. అంటే 1864, 1868 చట్టాలు అమలులోకి వచ్చేనాటికి వ్యాధిని రూఢిగా గుర్తించే సాధనం ఏదీ లేదు. వైద్యుడు కంటితో చూచి చెప్పవలసిందే. గనేరియా సోకిన స్త్రీలలో చాలామందికి బయటికి కనిపించే లక్షణాలు ఉండవు. సిఫిలిస్ తొలి పుండు నొప్పి లేకుండా వచ్చి, దానంతటదే మానిపోతుంది. వ్యాధి మాత్రం శరీరంలో మిగిలే ఉంటుంది. అందువల్ల ఆరోగ్యవంతురాలని ధ్రువీకరణ పొందిన స్త్రీకి వ్యాధి ఉండవచ్చు, వ్యాధిగ్రస్తురాలని నిర్బంధించిన స్త్రీకి మామూలు స్రావం తప్ప మరే వ్యాధీ లేకపోవచ్చు.

రెండవది, చికిత్స లేకపోవడం. నాటి ప్రధాన ఔషధం పాదరసం. అది లక్షణాలను అణచగలిగినా వ్యాధిని నిర్మూలించదు. పళ్ళు కదలడం, నోట లాలాజలం కారడం, మూత్రపిండాలు దెబ్బతినడం దాని దుష్ఫలితాలు. నయమయిందని విడుదల చేసిన స్త్రీ గాని, పటాలానికి తిరిగి వెళ్ళిన సైనికుడు గాని నిజంగా నయమైనవారని చెప్పలేం.

మూడవది, నిర్బంధం పుట్టించిన భయం. నమోదైతే పరీక్ష, పరీక్షలో తప్పితే ఆసుపత్రి, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళు సంపాదన సున్న. కాబట్టి స్త్రీలు నమోదును తప్పించుకున్నారు, దండు పొలిమేరలు దాటి వెళ్ళిపోయారు. కూలిపనుల పేరుతో దండులోకి వచ్చే స్త్రీలే వ్యాధికి కారణమని అధికారులు నివేదికలలో ఫిర్యాదు చేశారు. నిఘా పెరిగిన కొద్దీ వృత్తి చాటుకు పోయింది, వృత్తి చాటుకు పోయిన కొద్దీ ఇంకా నిఘా కావాలని అధికారులు కోరారు.

నాలుగవది, వ్యాధిచక్రంలో ఒక సగాన్ని మాత్రమే పట్టుకోవడం. సంక్రమణ ఇద్దరి మధ్య జరిగేది. ఒకరిని నిర్బంధించి మరొకరిని స్వేచ్ఛగా వదిలితే చక్రం తెగదు. పరీక్షలో ఆరోగ్యవంతురాలిగా తేలిన స్త్రీకి మరునాడే సైనికుని నుంచి వ్యాధి సోకవచ్చు. ఈ సామాన్య తర్కాన్ని నాటి వైద్యులలో కొందరు గుర్తించినా విధానం మారలేదు.

6. అంకెలను చదివే పద్ధతి:

ఈ విషయంపై పరిశోధించేవారికి ఎదురయ్యే ముఖ్య సమస్య గణాంకాలు. 1895 ప్రాంతంలో బ్రిటిష్ సైనికులలో సుఖవ్యాధులతో ఆసుపత్రిలో చేరినవారి రేటు వేయికి 500 దాటింది. ప్రతి ఇద్దరిలో ఒకరు వ్యాధిగ్రస్తులని నాటి పత్రికలు గగ్గోలు పెట్టాయి. కాని ఆ అంకె లెక్కించేది చేరికలను, మనుషులను కాదు. ఒకే సైనికుడు ఒక ఏడాదిలో మూడుసార్లు చేరితే మూడుగా లెక్క. గనేరియా, మెత్తపుండు, సిఫిలిస్ అనే వేర్వేరు వ్యాధులు ఒకే పద్దు కింద చేరాయి. ఎవరిని ఆసుపత్రిలో చేర్చుకోవాలి, ఎవరికి బయటినుంచే చికిత్స చేయాలి అన్న నియమం మారితే వ్యాధి తగ్గకుండానే అంకె తగ్గవచ్చు.

చట్టం ఉన్నప్పుడు రేటు తగ్గిందని సమర్థకులు, తగ్గలేదని వ్యతిరేకులు ఒకే పట్టికలతో వాదించగలిగారు. చట్టాలు అమలులో ఉన్న దశాబ్దాలలోనూ రేటు స్థిరంగా దిగిరాలేదన్నది మాత్రం స్పష్టం. వలసకాలపు అంకెను సాక్ష్యంగా తీసుకునే పరిశోధకుడు అది దేనిని లెక్కించింది, ఎవరు లెక్కించారు, ఏ ప్రయోజనం కోసం లెక్కించారు అనే మూడు ప్రశ్నలు వేసుకోవడం అవసరం.

7. వ్యతిరేకత - చట్టాల రద్దు:

ఇంగ్లండులో 1864, 1866, 1869 సంవత్సరాలలో వచ్చిన ఇటువంటి చట్టాలకు వ్యతిరేకంగా జోసెఫీన్ బట్లర్ నాయకత్వాన స్త్రీలు సుదీర్ఘ ఉద్యమం నడిపారు. ఫ్లోరెన్స్ నైటింగేల్ కూడా ఈ చట్టాలను వ్యతిరేకించారు. సైనికునికి మంచి వసతి, చదువు, వినోదం, కుటుంబం కల్పించడమే సరైన మార్గమని ఆమె అభిప్రాయం. ఆ చట్టాలు 1886లో రద్దయ్యాయి. అదే ఏడాది జూన్ నెలలో భారత సేనాని రాబర్ట్స్ ప్రధాన కార్యాలయం నుంచి దండు అధికారులకు ఒక రహస్య ఉత్తరువు వెలువడింది. పటాలాలకు తగినంతమంది స్త్రీలు ఉండేలా, వారు ఆకర్షణీయంగా ఉండేలా చూడాలన్నది అందులోని ఒక సూచన. 1888లో ఈ ఉత్తరువు బయటపడడంతో బ్రిటిష్ పార్లమెంటులో దుమారం రేగింది. ఆ ఏడాది జూన్‌లో కామన్స్ సభ నిర్బంధ పరీక్షలకు వ్యతిరేకంగా తీర్మానించింది. భారతీయ అంటువ్యాధుల చట్టం రద్దయింది.

రద్దు కాగితం మీదనే మిగిలింది. 1889 నాటి దండు చట్టం, దాని కింది నియమాల చాటున పాత పద్ధతి కొనసాగింది. 1891-92లో ఎలిజబెత్ ఆండ్రూ, డాక్టర్ కేథరిన్ బుష్నెల్ అనే ఇద్దరు అమెరికన్ స్త్రీలు ఉత్తరాది దండులలో తిరిగి, అక్కడి స్త్రీలతో నేరుగా మాట్లాడి సాక్ష్యం సేకరించారు. 1893లో లండనులో జరిగిన విచారణలో వారి సాక్ష్యం నిజమని తేలింది. రాబర్ట్స్ క్షమాపణ తెలిపారు. 1895లో నిర్బంధ పరీక్షను నిషేధిస్తూ సవరణ వచ్చింది. రెండేళ్ళకే, పెరిగిన వ్యాధిరేటును కారణంగా చూపి, చికిత్సకు నిరాకరించే స్త్రీని దండు నుంచి వెళ్ళగొట్టే అధికారాన్ని కొత్త నియమాలు కల్పించాయి.

ఈ వాదప్రతివాదాలన్నింటిలో ఆ స్త్రీల గొంతు ఎక్కడ ఉందన్నది ముఖ్యమైన ప్రశ్న. కెన్నెత్ బాల్‌హాచెట్, ఫిలిప్పా లెవిన్ వంటి చరిత్రకారులు జాతి, లింగ, వర్గ దృక్కోణాల నుంచి ఈ చరిత్రను విశ్లేషించారు. వారికి లభించిన ఆధారాలలో అధికభాగం అధికారులవి, వైద్యులవి, సంస్కర్తలవి. స్త్రీల మాట ఫిర్యాదుగానో, సాక్ష్యంగానో, పరారీగానో మాత్రమే వినిపిస్తుంది. పరీక్షకు రాకుండా ఊరు విడిచిపోవడం కూడా ఒక ప్రకటనే అని గ్రహిస్తే నివేదికలలోని 'తప్పించుకున్నవారు' అనే గడి కొత్త అర్థాన్ని సంతరించుకుంటుంది.

8. అనంతర పరిణామాలు:

ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకంలో బ్రిటిష్ సైనికులలో వ్యాధిరేటు గణనీయంగా పడిపోయింది. 1910 నాటికి అది వేయికి వందలోపుకు దిగింది. పాత నిర్బంధ పరీక్షల పద్ధతి పునరుద్ధరణ కాకుండానే ఇది జరిగింది. ఆటలు, పఠనశాలలు, మద్యనిరోధక సంఘాలు, సైనికులకు నేరుగా ఇచ్చిన హెచ్చరికలు, మెరుగైన చికిత్సాక్రమం, లెక్కింపు పద్ధతులలో మార్పు వంటి అనేక కారణాలు ఇందుకు తోడ్పడ్డాయి. ఎర్లిచ్, హటాల కృషి ఫలితమైన సాల్వర్సాన్ 1910లో విపణిలోకి వచ్చింది. 1943లో సిఫిలిస్‌పై పెన్సిలిన్ ప్రభావాన్ని మహోనీ బృందం నిరూపించింది. దానితో వారాల ఆసుపత్రివాసం కొన్ని సూదిమందులకు పరిమితమయింది.

హెచ్.ఐ.వి. రాకతో పాత ప్రశ్నలు మళ్ళీ తలెత్తాయి. సైనికులకూ ఈ వ్యాధికీ గల సంబంధాన్ని ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2000 సంవత్సరంలో 1308వ తీర్మానంలో ప్రస్తావించి, శాంతిదళాల సభ్యులకు అవగాహన, స్వచ్ఛంద పరీక్ష, సలహా అవసరమని గుర్తించింది. మనదేశంలో 2017 నాటి హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం పరీక్షకు, చికిత్సకు వ్యక్తి సమ్మతిని ప్రధానం చేసింది. వ్యాధి వివరాలను గోప్యంగా ఉంచాలని, వివక్ష చూపరాదని నిర్దేశించింది. 1868 నాటి చట్టంలో కనిపించని మాటలు ఇవే: సమ్మతి, గోప్యత, సమానత.

9. ముగింపు:

- వలసకాలపు దండులలో సుఖవ్యాధులు విస్తరించడానికి సైనిక జీవన విధానం, వివాహాలపై నియంత్రణ, పేదరికం ప్రధాన కారణాలు. చట్టం వీటిని విడిచి స్త్రీ శరీరాన్ని లక్ష్యంగా చేసుకుంది.
- ఒకే దండులోని బ్రిటిష్ సైనికులకు, భారతీయ సిపాయిలకు మధ్య వ్యాధిరేటులో కనిపించిన భేదం ఈ విషయాన్ని బలపరుస్తుంది.
- రోగనిర్ధారణకు, చికిత్సకు నమ్మదగిన సాధనాలు లేని కాలంలో నిర్బంధ పరీక్ష వైద్యప్రక్రియ కాలేదు, శిక్షగానే మిగిలింది.
- నాటి గణాంకాలు చేరికలను లెక్కించాయే గాని వ్యక్తులను కాదు. వాటిని ఉదాహరించేటప్పుడు ఈ భేదాన్ని పాటించాలి.
- పరంగి, సవాయి, సుఖవ్యాధి వంటి తెలుగు పేర్లు వ్యాధిచరిత్రకు ఆధారాలు. నిఘంటువులు, వైద్యగ్రంథాలు, వ్యవహారభాష ఆధారంగా వీటిపై విడిగా పరిశోధన జరగవలసి ఉంది.

బళ్ళారి, సికింద్రాబాదు వంటి దండుల నివేదికలను తెలుగు పరిశోధకులు స్థానిక సామాజిక చరిత్రతో కలిపి చదవగలిగితే, పట్టికలలో సంఖ్యలుగా మిగిలిన స్త్రీలు తిరిగి మనుషులుగా కనిపిస్తారు. వ్యాధిని అరికట్టడమంటే వ్యాధిగ్రస్తులలో బలహీనులను పట్టుకొని బంధించడం కాదనే పాఠాన్ని ప్రజారోగ్యం ఎంత మూల్యం చెల్లించి నేర్చుకుందో ఆ పఠనమే తెలియజేస్తుంది.